మెరుపు దెబ్బ పైకి కూడా!

పిడుగు కిందికే పడుతుందని మనందరి లెక్క. కానీ దాని ప్రభావం పైకి కూడా పోతుంది. నేల నుంచి 60-90 కిలోమీటర్ల ఎత్తులో అయనావరణం కింది పొర ఉంది. దాన్ని డి పొర అంటారు. పెద్ద మెరుపు మెరిస్తే అక్కడి ఎలక్ట్రాన్లు కూడా చెదురుతాయి.

మరి కొలవడం ఎలా? బెలూన్లు అంత ఎత్తుకు పోలేవు. ఉపగ్రహాలు అంత కింద తిరగలేవు, గాలి రాపిడికి పడిపోతాయి. రాకెట్ వెళ్తుంది కానీ అక్కడ ఉండేది కొద్ది నిమిషాలే.

నాకు తెగ నచ్చిన ఐడియా ఇక్కడే ఉంది. జలాంతర్గాములకు సందేశాలు పంపడానికి నౌకాదళాలు చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో తరంగాలు వాడతాయి. మన దేశంలో ఆ పని తమిళనాడు తిరునెల్వేలి జిల్లాలోని ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ చేస్తుంది, 18.2 కిలోహెర్ట్జ్‌లో. ఈ తరంగాలు నేలకీ డి పొరకీ మధ్య బంతిలా తగులుతూ వేల కిలోమీటర్లు పోతాయి. పై గోడ కొంచెం మారినా దూరంగా ఉన్న రిసీవర్‌లో సిగ్నల్ బలం, ఫేజ్ మారిపోతాయి. ప్రయాగ్‌రాజ్‌లో ఇలాంటి రిసీవర్ పెట్టి కొలిచారు. తిరునెల్వేలి నుంచి అక్కడికి గీత గీస్తే రాయలసీమ, తెలంగాణ మీదుగానే పోతుంది! సందేశంలో ఏముందో శాస్త్రవేత్తలకు అక్కర్లేదు. జీపీఎస్ టైమ్‌తో ఆ మార్పుని రికార్డు చేస్తారు, అంతే.

ఆ టైమే అసలు క్లూ. మెరుపు మెరిసిన 20 మిల్లీసెకన్లలోపే సిగ్నల్ మారితే, మెరుపు శక్తి నేరుగా డి పొరను తాకిందన్నమాట. సుమారు ఒక సెకను ఆలస్యమైతే కథ వేరు. మెరుపులో పుట్టిన తరంగం అయనావరణం దాటి, భూమి అయస్కాంత క్షేత్రంలో చిక్కుకుని తిరుగుతున్న ఎలక్ట్రాన్లను దారి మళ్లిస్తుంది. అవి వచ్చి డి పొర మీద రాలతాయి. రెండు సందర్భాల్లోనూ సిగ్నల్ మళ్లీ మామూలు కావడానికి సాధారణంగా 10 నుంచి 100 సెకన్లు పడుతుంది. అంటే గ్రాఫులు చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి. మొదట్లో ఉన్న ఆ చిన్న ఆలస్యమే కారణం చెప్తుంది. లాగ్ ఫైల్లో టైమ్‌స్టాంప్ చూసి బగ్ పట్టుకోవడం లాంటిదే కదా!

ఇవి ఎక్కువగా రాత్రిళ్లే దొరుకుతాయి. పగలు ఎండకి డి పొరలో ఎలక్ట్రాన్లు ఎక్కువ, మెరుపు తెచ్చే మార్పు అందులో కనపడదు.

సీఎస్ఈ వాళ్లకి ఇంకో మాట. 18.2 కిలోహెర్ట్జ్ మన లాప్‌టాప్ సౌండ్‌కార్డ్‌కి అందేదే. సెకనుకి 48,000 శాంపిళ్లు తీస్తే 24 కిలోహెర్ట్జ్ దాకా పట్టొచ్చు. తీగ చుట్టిన లూప్ యాంటెన్నా, ఒక యాంప్లిఫయర్, ఎఫ్ఎఫ్‌టీ కోడ్ ఉంటే మొదలుపెట్టొచ్చు. ఈసారి మినీ ప్రాజెక్టుకి అటెండెన్స్ యాప్ కాకుండా దీన్ని చేద్దామని నా ఆలోచన. ఈసీఈ వాళ్లెవరైనా కలుస్తారా?