సెకండ్‌హ్యాండ్‌లో వేగమైన కారు: కొనే ముందు వేసుకోవాల్సిన లెక్క

కొత్తగా ఉన్నప్పుడు అందని టర్బో కారు, ఏడెనిమిదేళ్లు తిరిగాక సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో అందుబాటు ధరకు వస్తుంది. ఫొటోలు చూస్తాం, ఓ రౌండ్ నడిపి చూస్తాం, బేరం కుదుర్చుకుంటాం. ఇక్కడే చాలామంది ఒక విషయం మరిచిపోతారు. కారు ధర తగ్గిందే తప్ప దాని వేగం తగ్గలేదు. ఆ వేగాన్ని పుట్టించే పెట్రోలు, ఆపే బ్రేకులు, రోడ్డును పట్టుకునే టైర్లు మాత్రం ఈనాటి ధరకే వస్తాయి. కాబట్టి పాత కారు కొనేటప్పుడు వేసుకోవాల్సిన మొదటి లెక్క రూపాయలది కాదు, శక్తిది. రూపాయల లెక్క దాని వెనకే వస్తుంది.

ఉదాహరణకు మన దేశంలో బాగా ఆదరణ ఉన్న ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐని తీసుకుందాం. 2013లో వచ్చిన ఈ కారులో 1.2 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజిన్, 105 హార్స్‌పవర్, ఏడు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉండేవి. మన దేశంలో పోలో తయారీ 2022లో ఆగిపోయింది. అంటే ఈ మోడల్ కావాలంటే ఇప్పుడు పాత కారే దిక్కు.

వేగం వెనక ఎంత శక్తి?

కదులుతున్న వస్తువు గతిశక్తి దాని ద్రవ్యరాశితో పాటు వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని బడిలో చదువుకున్నాం. మనుషులతో కలిపి 1,200 కిలోలున్న కారు గంటకు 50 కి.మీ. వేగంలో ఉంటే దాని గతిశక్తి సుమారు 116 కిలోజౌళ్లు. వేగం 100కు చేరితే అది రెట్టింపు కాదు, నాలుగు రెట్లయి 463 కిలోజౌళ్లవుతుంది. 120 దగ్గర 667.

ఈ 463 కిలోజౌళ్లను 10 సెకన్లలో అందించాలంటే సగటున 46 కిలోవాట్లు, అంటే దాదాపు 63 హార్స్‌పవర్ చక్రాలకు చేరాలి. గాలి, టైర్లు, గేర్లు తీసుకునే వాటా, గేరు మారేటప్పుడు పోయే సమయం కలుపుకుంటే ఇంజిన్‌కు 100 హార్స్‌పవర్ ఎందుకు అవసరమో అర్థమవుతుంది. అదే పని 7 సెకన్లలో జరగాలంటే సగటే 90 హార్స్‌పవర్. అందుకే కారు చురుకుదనాన్ని ఇంజిన్ సైజుతో కాకుండా టన్ను బరువుకు ఎన్ని హార్స్‌పవర్ అన్న లెక్కతో పోల్చాలి. తేలికైన చిన్న కారు తక్కువ పవర్‌తోనే చురుగ్గా ఉంటుంది. టైర్లు, బ్రేకుల మీద భారం కూడా తగ్గుతుంది.

గాలిని నెట్టే ఖర్చు

హైవే మీద నిలకడగా వెళ్తున్నప్పుడు పెట్రోలు రెండు పనులకు ఖర్చవుతుంది: టైర్ల దొర్లుడు ఘర్షణను ఎదుర్కోవడం, ఎదురుగా ఉన్న గాలిని పక్కకు నెట్టడం. మొదటిది వేగంతో పెద్దగా మారదు. రెండోది వేగం వర్గంతో పెరుగుతుంది. చిన్న కార్ల ఆకారానికి సరిపడే విలువలతో లెక్కిస్తే, 100 కి.మీ. దూరానికి చక్రాల దగ్గర కావాల్సిన శక్తి గంటకు 80 కి.మీ. వేగంలో 34 మెగాజౌళ్లు, 100 వేగంలో 45, 120 వేగంలో 59.

ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు లీటరులో సుమారు 30 మెగాజౌళ్లు ఉంటాయి. అందులో పావు వంతు చక్రాలకు చేరుతుందనుకుంటే, పై మూడు వేగాల్లో వరుసగా 4.5, 6, 7.9 లీటర్లు కావాలి. అంటే 100 నుంచి 120కి పెంచితే ప్రతి వంద కిలోమీటర్లకు 10 నిమిషాలు మిగులుతాయి, దాదాపు 2 లీటర్లు అదనంగా కాలుతుంది. లీటరు 105 రూపాయలనుకుంటే ఆ పది నిమిషాల ఖరీదు 200 రూపాయలు.

ఇథనాల్ గురించి ఒక మాట. పెట్రోలు లీటరులో సుమారు 32 మెగాజౌళ్లుంటే ఇథనాల్‌లో 21 మాత్రమే. అందుకే 20 శాతం మిశ్రమంలో లీటరుకు శక్తి 7 శాతం దాకా తగ్గుతుంది. మైలేజీ ఎంత తగ్గుతుందనేది ఇంజిన్ ట్యూనింగును బట్టి ఉంటుంది. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన కారు కొంటుంటే, అది ఏ మిశ్రమానికి సరిపోతుందో ఓనర్ మాన్యువల్‌లో చూడండి. ఇంధన గొట్టాలు, రబ్బరు సీళ్ల పరిస్థితిని మెకానిక్‌తో చూపించండి.

ఆపడానికి ఎంత?

కారు సంపాదించుకున్న గతిశక్తి అంతా బ్రేకు వేసినప్పుడు వేడిగా మారాలి. 100 వేగం నుంచి గట్టిగా ఆపితే ఆ 463 కిలోజౌళ్లలో ఎక్కువ భాగం ముందు చక్రాల డిస్కులకే వెళ్తుంది. డిస్కు బరువు 5 కిలోలనుకుంటే ఒక్కసారికే దాని ఉష్ణోగ్రత 70 డిగ్రీల దాకా పెరుగుతుంది. శ్రీశైలం ఘాట్ దిగుతున్నప్పుడు చల్లారే వ్యవధి లేకుండా మళ్లీ మళ్లీ బ్రేకు వేస్తే ఈ వేడి పోగవుతూ బ్రేకు ఆయిల్‌కు చేరుతుంది.

ఈ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్-4 రకం ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ మరిగే స్థానం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. తేమ చేరాక ఉండాల్సిన కనీస స్థానం 155 డిగ్రీలే. ఆయిల్ మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ద్రవం నొక్కుకోదు, ఆవిరి నొక్కుకుంటుంది. అప్పుడు పెడల్ కిందికి దిగిపోతుంది కానీ కారు ఆగదు. రెండేళ్లకోసారి ఆయిల్ మారిస్తే తప్పే ప్రమాదం ఇది. కారు ఖర్చులన్నింటిలో చవకైన వాటిలో ఇదొకటి.

టైర్ల లెక్క ఇంకా ముఖ్యం. మంచి టైర్లతో పొడి రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.8 అనుకుంటే 100 వేగం నుంచి ఆగడానికి 49 మీటర్లు చాలు. అరిగి గట్టిపడిన టైర్లతో తడి రోడ్డు మీద అది 0.4కు పడిపోతే 98 మీటర్లు. మొదటి కారు పూర్తిగా ఆగిన చోట రెండోది ఇంకా గంటకు 70 కి.మీ. వేగంతో పోతుంటుంది. టైరు పక్కన ఉండే నాలుగంకెల సంఖ్య చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గాళ్ల లోతు చట్ట ప్రకారం 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గకూడదు. లోతు బాగానే ఉన్నా ఆరేళ్లు దాటిన టైర్లు గట్టిపడి ఉంటాయి కాబట్టి మార్చే ఖర్చును బేరంలోనే తగ్గించుకోవాలి.

చూసేటప్పుడు ఏం గమనించాలి?

టర్బో లోపలి చక్రం నిమిషానికి లక్షకు పైగా సార్లు తిరుగుతుంది. దాన్ని మోసేది పలుచటి ఆయిల్ పొర ఒక్కటే. ఆయిల్ సమయానికి మార్చని కారులో ముందు దెబ్బతినేది అదే. కాబట్టి సర్వీసు రికార్డు లేని టర్బో కారు ఎంత చవకైనా వదిలేయండి. ఉదయం పూట, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లి స్టార్ట్ చేయించండి. పొగ గొట్టం నుంచి నీలి పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోందని అర్థం.

పోలో జీటీ లాంటి కార్లలోని డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సును ట్రాఫిక్‌లోనే పరీక్షించాలి. కారు మెల్లగా పాకుతున్నప్పుడు పొడి క్లచ్ కొద్దిగా జారుతూ వేడెక్కుతుంది, అరుగుతుంది. కదిలేటప్పుడు కుదుపులు వస్తే పెద్ద ఖర్చు దగ్గర్లో ఉందని అనుమానించాలి. సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచిన కారైతే క్లచ్, గేర్ల మీద భారం అవి తట్టుకోవాల్సిన దానికన్నా ఎక్కువగా పడి ఉండొచ్చు. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన కారు చవగ్గా కనిపిస్తే ఎన్ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి చూడండి.

కిలోమీటరుకు ఎంత పడుతుంది?

5 లక్షలకు కొని, ఏటా 10,000 కి.మీ. చొప్పున ఐదేళ్లు నడిపి, 2.5 లక్షలకు అమ్మారనుకుందాం. ఏడాది ఖర్చు ఉజ్జాయింపుగా ఇలా ఉంటుంది:

- విలువ తగ్గుదల: 50,000
- పెట్రోలు (లీటరుకు 12 కి.మీ. చొప్పున): 87,500
- బీమా: 18,000
- సర్వీసు: 20,000
- టైర్లు (28,000 ఖరీదు, 35,000 కి.మీ. మన్నిక): 8,000
- బ్రేకు ప్యాడ్లు, డిస్కులు, ఆయిల్: 6,000
- అనుకోని మరమ్మతులకు పక్కన పెట్టేది: 30,000

మొత్తం 2,19,500 రూపాయలు, అంటే కిలోమీటరుకు 22. విలువ తగ్గుదల తీసేసినా నెలకు 14,000 పైమాటే. ఐదేళ్లలో నడపడానికయ్యే ఖర్చు దాదాపు 8.5 లక్షలు. కొన్న ధర కన్నా ఎక్కువ. మీ కారు అంకెలతో ఇదే పట్టిక వేసుకోండి. ఇంజిన్ సైజు ప్రభావం బీమాలోనూ ఉంటుంది. 2022లో ప్రకటించిన రేట్ల ప్రకారం థర్డ్ పార్టీ ప్రీమియం 1,000-1,500 సీసీ కార్లకు 3,416 రూపాయలు, 1,500 సీసీ దాటితే 7,897.

ఈ పట్టికలో టైర్లు, బ్రేకులు రెండూ కలిపి 14,000. మొత్తంలో ఏడు శాతం కూడా లేదు. డబ్బుకు ఇబ్బంది వచ్చినప్పుడు చాలామంది మొదట వాయిదా వేసేది వీటినే. ప్రాణం ఆధారపడి ఉండేదీ వీటి మీదే. అందుకే చేతిలో 6 లక్షలుంటే 6 లక్షల కారు చూడకండి. 5 లక్షల కారు చూసి, మిగిలిన లక్షతో మొదటి నెలలోనే టైర్లు, బ్రేకు ఆయిల్, ఇంజిన్ ఆయిల్ మార్పించండి. మిగిలింది మరమ్మతుల కోసం బ్యాంకులో ఉంచండి. అలా ఉంచడానికి మనసొప్పకపోతే, ఇంకాస్త తక్కువ పవర్ ఉన్న కారే మీకు సరైనది.