బొమ్మలు గీసే కంప్యూటర్ ముందు మన బిడ్డ

గల్ఫ్‌లో ఉన్న నాన్న పంపిన డబ్బుతో కొన్న కంప్యూటర్. ఇంటర్ చదివే కొడుకు రాత్రి పదకొండయినా దాని ముందు నుంచి లేవడు. అమ్మ గదిలోకి రాగానే తెర మార్చేస్తాడు. నిజామాబాద్‌లోనూ బోధన్‌లోనూ ఈ దిగులు చాలా ఇళ్లలో ఉంది. భయం సహజమేనమ్మా. ముందు ఆ తెర మీద ఏముందో చూద్దాం.

అది బొమ్మలు గీసే స్టేబుల్ డిఫ్యూజన్ అనే సాఫ్ట్‌వేర్ కావచ్చు. 2022 ఆగస్టులో ఉచితంగా విడుదలైంది. మంచి గ్రాఫిక్స్ కార్డు ఉంటే ఇంటి కంప్యూటర్‌లోనే నడుస్తుంది. నాలుగు ఇంగ్లిషు మాటలు టైపు చేస్తే చాలు, తెరంతా పరుచుకున్న చుక్కల గందరగోళంలోంచి మెల్లగా ముక్కూ మొహమూ తేలతాయి. డ్రాయింగ్ రాదని బళ్లో వెనకే నిలబడ్డ పిల్లాడికి తన ఊహ అలా కళ్లముందుకు రావడం ఎంత సంబరమో! తెర మార్చేది చాలాసార్లు మన కోప్పడే గొంతుకు భయపడే.

అయినా ఒక కష్టమైన మాట చెప్పుకోవాలి. ఒకసారి దించుకున్నాక ఈ సాఫ్ట్‌వేర్‌కు నెట్ అక్కర్లేదు. వైఫై ఆపేసినా బొమ్మలు వస్తూనే ఉంటాయి. అసభ్యమైన బొమ్మలకు అడ్డు పెట్టారు గానీ, ఎవరైనా మార్చుకోగల సాఫ్ట్‌వేర్ కనుక ఆ అడ్డును తీసేయడమూ తేలికే. క్లాసులో ఒక అమ్మాయి ఫొటో దొరికితే ఆమెను ఏడిపించే బొమ్మ చేయొచ్చు. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న మొహం అతికించిన వీడియో గుర్తుందా? దాన్ని చేశాడని 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్నది ఆంధ్రప్రదేశ్ యువకుణ్ణే. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫాలోవర్ల కోసం చేశాడని వాళ్లు చెప్పారు. ఆ వయసులో మెప్పు మీదే కళ్లుంటాయి, ఫొటోలోని మనిషి కంటికి ఆనడు.

అందుకే కార్డు పీకేసే బదులు కుర్చీ లాక్కుని పక్కన కూర్చుందాం. "ఏం చేయించినవ్ బిడ్డా, చూపియ్" అందాం. బోధన్‌లోని శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ బొమ్మ అడిగి చూడండి. ఏదో పొగగొట్టం వస్తుంది, 2015లో మూతపడ్డ మన ఫ్యాక్టరీ మాత్రం రాకపోవచ్చు. చెరుకు బండ్ల బారు, క్రషింగ్ రోజుల్లో ఊరిని కమ్మిన వాసన తాతను అడిగితే తెలుస్తాయి. ఈ సాఫ్ట్‌వేర్ నెట్‌లోని కోట్ల ఫొటోలు చూసి నేర్చుకుంది. వాటిలో అడగకుండా తీసుకున్నవి ఎన్నో. ఆ మాట అక్కడే ఎత్తండి: "చెల్లె ఫొటో ఎవడన్నా ఇట్ల వాడితే?" జవాబు కోసం తొందరపెట్టకండి. ఆ పూట మాట్లాడకున్నా వాడు ఆలోచిస్తాడు.

మన అమ్మాయికే అలాంటిది జరిగితే "ఫొటో ఎందుకు పెట్టావ్" అన్న ప్రశ్న నోట రానీయొద్దు. లింకు, అకౌంటు పేరు రాసిపెట్టుకుని సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి గానీ, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ ఫోన్ చేయండి. పోలీసుల షీ టీమ్స్ కూడా ఉన్నాయి. చేసింది మన కొడుకే అయితే, ప్రేమ కొద్దీ కప్పిపుచ్చాలనిపిస్తుంది. వద్దు. బొమ్మ ఎవరెవరికి వెళ్లిందో వాడితోనే చెప్పించి తీయించండి, ఆ అమ్మాయి తల్లిదండ్రులకు మనమే ముందుగా చెబుదాం.