చుక్కల ముగ్గు

సంక్రాంతి నెల వచ్చిందంటే తెల్లవారకముందే వాకిలి ఊడుస్తారు. కళ్లాపి చల్లుతారు. ముగ్గు పెడతారు. ముందు చుక్కలు, తరువాత గీతలు. ఎన్ని చుక్కలు పెట్టాలో, ఏ చుక్కను ఏ చుక్కతో కలపాలో చేతికే తెలుసు. చుక్కలు పెట్టింది మనమే. కాబట్టి అందులో ముగ్గు ఉందని మనకు ముందే తెలుసు.

అలా కాకుండా ఎవరో గుప్పెడు బియ్యం తెచ్చి వాకిట్లో విసిరేశారు అనుకోండి. గింజలు ఎక్కడపడితే అక్కడ పడతాయి. కాసేపు తేరిపార చూస్తే అందులోనూ ఒక నెమలి కనబడుతుంది. ఒక తామరపువ్వు కనబడుతుంది. మరి అది నిజంగా ఉన్న ముగ్గా? మన కంటికి అలా తోచిందా?

ఇంగ్లండు దేశంలో ఒక అమ్మాయికి సరిగ్గా ఇదే ప్రశ్న ఎదురయింది. ఆమె చూసింది వాకిట్లో ముగ్గు కాదు. ఆకాశంలో ముగ్గు. ఆ ముగ్గు ఎంత పెద్దదో చెప్పడానికి కిలోమీటర్లు చాలవు.

ఆమె పేరు అలెక్సియా లోపెజ్. అప్పట్లో ఆమె ఇంగ్లండులో సెంట్రల్ లాంకషైర్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న విద్యార్థిని. ఆమె ఏం చూసిందో తెలియాలంటే ముందు వెలుగు సంగతి తెలియాలి.

వెలుగు నడక

చీకటి గదిలో దీపం వెలిగిస్తే గదంతా ఒక్కసారే వెలుగు నిండినట్టు ఉంటుంది. కాని వెలుగు కూడా ప్రయాణం చేసే వస్తుంది. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. చందమామ నుంచి మన దగ్గరకు రావడానికి ఒక సెకను కన్నా కొంచెం ఎక్కువ పడుతుంది. సూర్యుడి నుంచి రావడానికి 8 నిమిషాలు దాటుతుంది. అంటే మనం చూసే సూర్యుడు 8 నిమిషాల కిందటి సూర్యుడు.

వెలుగు ఒక ఏడాది పాటు ఆగకుండా పోతే ఎంత దూరం పోతుందో, దానిని ఒక కాంతి సంవత్సరం అంటారు. అది సుమారు 9 లక్షల 46 వేల కోట్ల కిలోమీటర్లు.

వేరే ఊళ్లో ఉన్న కూతురు ఉత్తరం రాస్తుంది. అది నాలుగు రోజులకు చేరుతుంది. చదివితే తెలిసేది నాలుగు రోజుల కిందటి కబురే. ఇవాళ ఎలా ఉందో అందులో ఉండదు. చుక్కల వెలుగు కూడా అలాంటి ఉత్తరమే. ఎంత దూరం నుంచి వస్తే అంత పాత కబురు.

అందుకే దూరంగా చూడడం అంటే పాతకాలాన్ని చూడడమే. శాస్త్రవేత్తల లెక్క ప్రకారం ఈ విశ్వం మొదలై 1380 కోట్ల సంవత్సరాలు అయింది. చాలా దూరం చూడగలిగితే విశ్వం చిన్నతనంలో ఎలా ఉండేదో కనబడుతుంది.

ఊళ్లు, వాడలు, దారులు

వేసవి రాత్రి ఆరుబయట మంచం వేసుకుని పడుకుంటే, కరెంటు పోయి ఊరంతా చీకటిగా ఉంటే, ఆకాశంలో తెల్లటి చార ఒకటి కనబడుతుంది. అది పాలపుంత. మన సూర్యుడు అందులో ఒక చుక్క. అలాంటి చుక్కలు అందులో కనీసం 10 వేల కోట్లు ఉన్నాయి. ఇలాంటి చుక్కల పెద్ద గుంపును గెలాక్సీ అంటారు. గెలాక్సీలు విశ్వంలో కోట్లకు కోట్లు ఉన్నాయి.

ఇవి విడివిడిగా ఉండవు. ఇళ్లు కలిసి వాడ అయినట్టు, వాడలు కలిసి ఊరు అయినట్టు, గెలాక్సీలు గుంపులు కడతాయి. గుంపులు కలిసి మహా గుంపులవుతాయి. వాటిని కలుపుతూ సన్నటి దారులు ఉంటాయి. మధ్యలో ఏమీ లేని పెద్ద పెద్ద ఖాళీలు ఉంటాయి. మొత్తం చూస్తే చేపల వల ఆరేసినట్టు ఉంటుంది.

ఎందుకిలా అయింది? మొదట్లో విశ్వమంతా వేడి వాయువు. దాదాపు అంతటా ఒకేలా ఉండేది. అక్కడక్కడ మాత్రం లక్షలో ఒక వంతు తేడా. ఎక్కువ ఉన్న చోటు చుట్టుపక్కల ఉన్నదాన్ని తన వైపు లాక్కుంది. లాక్కున్న కొద్దీ దాని బలం పెరిగింది. బలం పెరిగిన కొద్దీ ఇంకా లాక్కుంది. డబ్బు ఉన్నవాడి దగ్గరికే డబ్బు చేరుతుందంటారే, అలాగన్న మాట.

అయితే దీనికి కాలం కావాలి. చాలా కాలం కావాలి. అందుకే పాతకాలపు వెలుగులో పెద్ద గుంపు కనబడినప్పుడల్లా శాస్త్రవేత్తలు ఆశ్చర్యపోతారు. 1989లో అమెరికాలో మార్గరెట్ గెల్లర్ అనే ఆమె, జాన్ హుక్రా అనే ఆయన కలిసి గెలాక్సీల గోడ ఒకటి చూపించారు. దాని పొడవు 50 కోట్ల కాంతి సంవత్సరాలు. 2017లో మన దేశంలో పూనా శాస్త్రవేత్తలు 60 కోట్ల కాంతి సంవత్సరాల మహా గుంపును కనుగొన్నారు. దానికి సరస్వతి అని పేరు పెట్టారు. ఆ మరుసటి ఏడు, 2018లో, ఇటలీలో ఓల్గా కుచియాటి అనే ఆమె బృందం ఇంకా పాతకాలపు గుంపును కనుగొంది. విశ్వం మొదలైన 230 కోట్ల సంవత్సరాలకే అది తయారవుతూ ఉంది. మనిషి జీవితంతో పోల్చి చూస్తే అది బడి ఈడు పిల్ల. ఆ ఈడులోనే అంత పెద్ద కాపురమా అని అందరూ అనుకున్నారు.

దీపం ముందు నీడ

మళ్లీ అలెక్సియా దగ్గరకు వద్దాం.

చాలా దూరంలో ఉన్న మామూలు గెలాక్సీలు మసకగా ఉంటాయి. సరిగా కనబడవు. కనబడని వాటిని ఎలా లెక్కపెట్టాలి?

రాత్రి దూరంగా ఒక ఇంటి అరుగు మీద దీపం ఉంది. దీపానికీ మనకూ మధ్య నుంచి ఎవరో పోతారు. మనిషి కనబడదు. కాని దీపం ఒక్క క్షణం తగ్గినట్టు అవుతుంది. ఎవరో పోయారని తెలిసిపోతుంది. అలెక్సియా చేసింది అలాంటి పనే.

ఆకాశంలో చాలా దూరాన క్వేజార్లు అనే దీపాలు ఉన్నాయి. అవి కొన్ని గెలాక్సీల నడిబొడ్డులు. విపరీతంగా వెలుగుతాయి. వాటికీ మనకూ మధ్యలో ఏదైనా గెలాక్సీ ఉంటే, దాని చుట్టూ ఉన్న వాయువులోని మెగ్నీషియం ఆ వెలుగులో ఒక రకాన్ని మింగేస్తుంది. వెలుగును ఇంద్రధనుస్సులా విడదీసి చూస్తే, మింగిన చోట నల్లగీత కనబడుతుంది. ఆ గీత ఎంత పక్కకు జరిగిందో చూసి గెలాక్సీ దూరం లెక్కకడతారు.

అమెరికాలోని ఒక పెద్ద దుర్భిణితో వేల వేల క్వేజార్ల వెలుగును అప్పటికే పట్టి ఉంచారు. అలెక్సియా ఆ లెక్కలను తీసుకుంది. గెలాక్సీ ఉన్నచోటల్లా ఒక చుక్క పెట్టింది. చుక్కలన్నీ పెట్టాక చూస్తే వాటి మధ్యలో కొడవలిలా వంపు తిరిగిన ఒక పెద్ద చార! దాని పొడవు సుమారు 330 కోట్ల కాంతి సంవత్సరాలు. 2021లో ఆమె ఈ సంగతి చెప్పింది.

2024 జనవరిలో ఇంకొకటి చెప్పింది. కొడవలికి దగ్గరలోనే, అంతే దూరంలో, గాజులాంటి వలయం. దాని అడ్డం సుమారు 130 కోట్ల కాంతి సంవత్సరాలు. నిజానికి అది గాజులా చదునుగా లేదు. చుట్ట చుట్టిన తీగలా ఉంది. మన వైపు నుంచి చూస్తే గుండ్రంగా కనబడుతుంది.

ఈ రెండింటి వెలుగు బయలుదేరి దాదాపు 690 కోట్ల సంవత్సరాలు అయింది. అప్పటికి విశ్వం వయసు ఇప్పటిలో సగం. అప్పటికి మన భూమి లేదు. మన సూర్యుడూ లేడు.

ఒక్క మెతుకు

గాజు కనబడితే ఏమయింది, ఎందుకింత గొడవ అనిపించవచ్చు. ఎందుకంటే దీనితో ఒక పెద్ద నమ్మకం ముడిపడి ఉంది.

అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే కుండంతా చూడం. ఒక్క మెతుకు పట్టి చూస్తాం. కుండంతా ఒకేలా ఉడుకుతుందని మన నమ్మకం. విశ్వం గురించి శాస్త్రవేత్తల నమ్మకమూ అదే. దగ్గరగా చూస్తే గుంపులు, ఖాళీలు ఉంటాయి. బాగా పెద్ద ముక్క తీసుకుంటే మాత్రం ఏ ముక్క అయినా ఒకేలా ఉంటుందని వారి మాట. విశ్వం వయసు, దాని నడక, అన్నీ ఈ నమ్మకం మీదనే లెక్కకట్టారు. 120 కోట్ల కాంతి సంవత్సరాల కన్నా పెద్ద గుంపు ఉండకూడదని కొందరు ఒక హద్దు కూడా చెప్పారు. అలెక్సియా వలయం ఆ హద్దు దాటింది. కొడవలి అయితే చాలా దాటింది. కుండలో ఒక పక్క ఉండలు కట్టి ఉంటే, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదు కదా.

ఇక్కడే బియ్యం గింజల ప్రశ్న వస్తుంది. అది నిజం ముగ్గా? చుక్కలు అలా పడ్డాయా?

ఈ ప్రశ్న అలెక్సియాకు ముందే తెలుసు. అందుకే కంటిని నమ్మి ఊరుకోలేదు. ఆమె, ఆమె గురువు రోజర్ క్లోస్, ఇంకో తోటి శాస్త్రవేత్త కలిసి రకరకాల లెక్కలు వేశారు. ఒట్టిగా పడిన చుక్కల్లో ఇలాంటిది ఏర్పడే అవకాశం చాలా తక్కువ అని వారికి తేలింది.

అందరూ ఒప్పుకోలేదు. 2025లో యూరప్ శాస్త్రవేత్తలు కొందరు కంప్యూటరులో ఒక బొమ్మ విశ్వాన్ని తయారు చేశారు. పాత నియమాల ప్రకారమే గెలాక్సీలను అందులో పరిచారు. వెతికితే అందులోనూ కొడవళ్లు కనబడ్డాయి. ఒకటీ రెండూ కాదు, చాలా! కాబట్టి చుక్కలను కలిపే పద్ధతిని బట్టి ఇలాంటి బొమ్మలు వస్తాయని, పాత నమ్మకానికి ఢోకా లేదని వారు అన్నారు. కాని రెండు పెద్ద బొమ్మలు ఒకే దూరంలో, పక్కపక్కనే ఉండడం అలెక్సియాకు మామూలు సంగతిగా తోచలేదు.

తగవు ఇంకా తేలలేదు. తేలాలంటే చుక్కలు ఇంకా కావాలి. కొత్త దుర్భిణులు ఇంకా ఎక్కువ గెలాక్సీలను లెక్కపెడుతున్నాయి.

ఆ గాజు ఉన్న దిక్కు మాత్రం మనకు తెలిసినదే. మే నెలలో రాత్రి 9 గంటలకు ఉత్తరం వైపు సప్తర్షులను చూడండి. వాటి తోక వంపు వెంబడి చూపు పోనిస్తే కాస్త ఎర్రగా మెరిసే పెద్ద చుక్క కనబడుతుంది. అది స్వాతి. స్వాతి కార్తె అంటామే, ఆ స్వాతే. దాని వెలుగు మన దగ్గరకు 37 సంవత్సరాలలో వస్తుంది. స్వాతి ఉన్న చుక్కల గుంపు వైపునే, ఎంతో లోతున ఆ వలయం ఉంది. కంటికి కనబడదు. కనబడితే 15 నిండు చందమామలను వరసగా పేర్చినంత వెడల్పు ఉండేది.