డిస్కుకు జాతకం రాయకు

అనంతపురం

అల్లుడూ,

నీ కంప్యూటర్‌లో హార్డ్ డిస్కు 21,900 గంటలు తిరిగినట్టు చూపిస్తోందనీ, ఇంకెన్నాళ్ళు వస్తుందో చెప్పమనీ అడిగావు. ఆ అంకె జరిగిపోయిన కాలానికి లెక్క. రాబోయే కాలం గురించి అది చెప్పేది చాలా తక్కువ. మన జిల్లాలో బోరు వేసి ఎన్నేళ్ళయింది, మోటరు రోజుకు ఎన్ని గంటలు ఆడింది అని గుణించి, ఫలానా నెలలో ఎండిపోతుందని ఏ రైతూ అనడు. పైపు దగ్గర నిలబడి చూస్తాడు. ధార సన్నబడిందా, ఆగి ఆగి పోస్తోందా, నీళ్ళతో మన్ను వస్తోందా అని. డిస్కును కూడా అట్లే చూడాలంటాను.

ముందు ఆ అంకెనే విప్పి చూద్దాం. ఏడాదికి 8,760 గంటలు. రోజుకు 6 గంటలు వాడే ఇంట్లో 21,900 గంటలంటే సరిగ్గా పదేళ్ళు. రాత్రింబవళ్ళు ఆగని సీసీ కెమెరా రికార్డర్‌లో అవే గంటలు రెండున్నరేళ్ళకే నిండుతాయి. మొదటిది పది ఎండాకాలాలు చూసి, వేలసార్లు ఆగి మళ్ళీ తిరిగిన డిస్కు. రెండోది దాదాపు ఆగకుండా తిరిగింది. అంకె ఒకటే అయినా బతుకులు వేరు. మరి కంపెనీ 10 లక్షల గంటలని రాస్తుంది కదా అంటావు. అది 114 ఏళ్ళకు పైమాట. లోకంలో మొదటి హార్డ్ డిస్కు వచ్చిందే 1956లో! ఆ మాట ఒక్క డిస్కు ఆయుష్షు గురించి కాదు. వెయ్యి డిస్కులను ఏడాది తిప్పితే 9 దాకా చెడతాయని దాని అర్థం. అదైనా నిలబడలేదు. 2007లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్ళు దాదాపు లక్ష డిస్కుల లెక్కలు తీస్తే, ఏడాదికి నూటికి 2 నుంచి 4 మార్చాల్సి రావడం మామూలుగా కనిపించింది. కొన్నిచోట్ల 13 దాకా పోయింది.

గంటలు కాకపోతే మరేం చూడాలి? అదే ఏడాది గూగుల్ తన లక్షకు పైగా డిస్కులను పరిశీలించి ఒక సంగతి తేల్చింది. లోపల తిరిగే తన పళ్ళాలను తానే పరీక్షించుకునేటప్పుడు మొదటి తప్పు బయటపడిన డిస్కు, ఏ తప్పూ లేనిదానికన్నా, తర్వాతి 60 రోజుల్లో చెడిపోయే అవకాశం 39 రెట్లు ఎక్కువ. ఇదే మనం చూసే మన్ను నీళ్ళు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్ తెరిచి 05, సీ5, సీ6 అనే మూడు వరసలు చూడు. చదవలేని చోటును పక్కనబెట్టి, ముందే దాచుకున్న అదనపు చోటు వాడుకుంటే 05లో లెక్క పడుతుంది. చదవడానికి మొరాయిస్తూ, ఏ సంగతీ తేలని చోట్లు సీ5లో ఉంటాయి. ఎంత ప్రయత్నించినా చదవలేకపోయినవి సీ6లో ఉంటాయి. మూడూ సున్నా అయితే 21,900 చూసి బెదరక్కర్లేదు. నెలనెలా పెరుగుతుంటే 2,000 గంటల డిస్కునైనా నమ్మొద్దు.

అవన్నీ చల్లటి గదుల్లో పెట్టిన డిస్కుల లెక్కలు, మన ఎండకూ దుమ్ముకూ పనికొస్తాయా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. దుమ్ము నేరుగా పళ్ళెం మీదికి పోదు. గాలి ఆడే చిన్న రంధ్రానికి లోపల వడపోత ఉంటుంది. కానీ ఎర్రదుమ్ము ఫ్యాను రెక్కలకూ డబ్బా జాలీకీ పట్టి వేడిని బయటికి పోనివ్వదు. ఇళ్ళలో వాడే చాలా డిస్కులకు పరిమితి 60 డిగ్రీలు. ఏప్రిల్, మే నెలల్లో గదిలోనే 40 ఉంటే, మూసిన డబ్బాలో ఆ పరిమితి ఎంతో దూరంలో ఉండదు. మామూలు వేడికీ చెడిపోవడానికీ పెద్ద సంబంధం లేదన్న గూగుల్ వాళ్ళే, మూడేళ్ళు దాటిన డిస్కులకు ఎక్కువ వేడి చేటని గమనించారు. ఇక కరెంటు సంగతి. చదివే ముల్లు వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తున పళ్ళెం మీద తేలుతుంటుంది. కరెంటు పోగానే, ఇంకా తిరుగుతున్న పళ్ళాల ఊపునుంచి కొద్దిపాటి కరెంటు పుట్టించుకుని ఆ ముల్లు పక్కకు తప్పుకుంటుంది. అట్లా ఉలిక్కిపడి తప్పుకున్న ప్రతిసారీ కొంత అరుగుదలే. కాబట్టి మన ఊళ్ళో యూపీఎస్సూ, నెలకోసారి దుమ్ము దులిపే కుంచే గంటల లెక్కకన్నా ఎక్కువ మేలు చేస్తాయి.

ఇంకో అభ్యంతరం మరీ గట్టిది. గూగుల్ చూసిన చెడిపోయిన డిస్కుల్లో నూటికి 36కు పైగా ఏ గుర్తూ చూపకుండానే పోయాయి. అట్లయితే గుర్తులనైనా ఎందుకు నమ్మాలి? పూర్తిగా నమ్మొద్దనే నేనూ అంటాను. గుర్తు కనబడితే అది హెచ్చరిక. కనబడకపోతే హామీ కాదు. ఎస్‌ఎస్‌డీ కొన్నా ఈ చిక్కు తీరదు. తిరిగే భాగం లేకపోయినా, చెప్పాపెట్టకుండా అదీ పోగలదు. వాన ఎప్పుడొస్తుందో తెలియని నేల మీద మనవాళ్ళు చెనక్కాయ సాళ్ళ మధ్య కంది సాలు వేశారు. విత్తనం కాయలు వేరే మూటగట్టి, ఇంట్లో ఎంత ఇబ్బందైనా ముట్టలేదు. వాన రోజును ముందే చెప్పగలిగి కాదు, చెప్పలేమని తెలిసి.

అందుకే పాత డిస్కు పారేసి కొత్తది బిగించే ఆలోచన మానుకో. ఆ డబ్బుతోనే కొత్తది కొని, ఫోటోలూ పట్టాదారు పాసుపుస్తకం కాపీలూ చదువు సర్టిఫికెట్లూ దానిలోకి ఎక్కించి, విప్పి మీ అమ్మ ఇంట్లో బీరువాలో పెట్టు. రెండు నెలలకోసారి తెచ్చి కొత్తవి కలుపు, పాతవి నాలుగు తెరిచి చూడు. తెరుచుకోని కాపీ పుచ్చు విత్తనం లాంటిది. పాతదాన్ని అది తిరిగినన్నాళ్ళు తిరగనీ.

ఇట్లు
మీ మామ