వలస పోయినా మీ బియ్యం మీ వెంటే

వానల్లేక, వేరుశనగ చేతికి రాక బెంగళూరుకు పనికి పోతున్నారా? బయల్దేరే ముందు ఇది చదవండి.

2013 ఆహార భద్రతా చట్టం కింద ఉన్న కార్డులో పేరున్న ప్రతి మనిషికీ నెలకు 5 కిలోల ధాన్యం హక్కు. అంత్యోదయ కార్డుకైతే ఇంటికి 35 కిలోలు. 2023 జనవరి నుంచి ఇది ఉచితం. 'ఒకే దేశం – ఒకే రేషన్ కార్డు' వల్ల ఏ రాష్ట్రం స్టోరులోనైనా తీసుకోవచ్చు. కార్డు నంబరు గానీ ఆధార్ నంబరు గానీ చెప్పి వేలిముద్ర వేస్తే చాలు.

మరి ఊర్లో ఉన్న అవ్వాతాతల సంగతి? ఐదుగురి కార్డుకు 25 కిలోలు. ముగ్గురు బెంగళూరులో ఉంటే అక్కడ 15 కిలోలే తీసుకోండి. మొత్తం మీరే తీసుకుంటే ఆ నెల ఇంటి దగ్గర పెద్దవాళ్లకు గింజ కూడా మిగలదు.

గుర్తుపెట్టుకోండి:
• మీ కార్డు ఈ చట్టం కింద ఉందో లేదో సచివాలయంలో అడగండి.
• పోయేముందు ఇంట్లో అందరి ఈ-కేవైసీ చేయించండి.
• మన రాష్ట్రం అదనంగా ఇచ్చే సరుకులు బయట దొరకవు.
• కార్డు ఎవరి దగ్గరా తాకట్టు పెట్టొద్దు.
• డీలరు ఇవ్వనంటే 1967కు ఫోన్ చేయండి. అడగడం తప్పు కాదు, అది మీ హక్కు.