పెద్ద బండి - చిన్న బండి

మదనపల్లె టమోటాకు పేరుపడ్డ ఊరు. అక్కడి మార్కెట్టుకు చుట్టుపక్కల పల్లెల నుంచి టమోటా క్రేట్లు బళ్ల మీద చేరతాయి. టమోటా ధర నిలకడగా ఉండదు. ఒక్కోసారి కోత కూలి కూడా రాదు. 2023 జూలైలో మాత్రం కిలో 100 రూపాయలు దాటింది. ఆ నెల పంట చేతికొచ్చిన వాళ్ల చేతిలో డబ్బు ఆడింది.

మదనపల్లెకు 20 కిలోమీటర్ల దూరంలో ఒక పల్లె. అక్కడ ఒక రైతు కుటుంబం ఉందనుకుందాం. 2023లో పంట డబ్బు రాగానే ఇంటాయన పెద్ద పికప్పు బండి కొన్నాడు. పాత బండే. సగం డబ్బు కట్టి, సగం అప్పు చేశాడు. బండి మాత్రం ఇల్లాలి పేరు మీద రాయించాడు. ఆ రోజు ఆమె కాగితాల మీద వేలిముద్ర వేసింది. ఎక్కడ వెయ్యమంటే అక్కడ వేసింది.

తరువాత ఆమె చదువు నేర్చుకుంది. ఒక నోటు పుస్తకం పెట్టింది. రోజూ ఎన్ని క్రేట్లు పోయినాయి, డీజిలుకు ఎంతైంది, బాడుగ ఎంత వచ్చింది, అన్నీ రాసేది. అంకెలు వంకరగా ఉన్నా లెక్క తప్పలేదు.

బండి కొన్న కొత్తలో ఇరుగుపొరుగు వాళ్ల క్రేట్లు కూడా బాడుగకు ఎక్కేవి. బండి నిండేది. రెండేళ్లు గడిచాయి. పక్క చేను వాళ్లు మామిడి పెట్టారు. ఇంకో ఇంటివాళ్లు సొంత బండి తెచ్చుకున్నారు. ఇప్పుడు బండిలో వీళ్ల సొంత క్రేట్లే పోతున్నాయి. 60 క్రేట్లు పట్టే బండిలో 25 పోతున్నాయి.

ఒకరోజు రాత్రి ఇల్లాలు పుస్తకం తెచ్చి ముందర పెట్టింది.

"ఇదో, ఇట్ల చూడు. 60 ట్రిప్పులు రాసినాను. 30 క్రేట్లు దాటింది ఏడే ఏడు దినాలు. మిగతా 53 దినాలు సగం బండి ఉత్తదే పోయింది."

"అయితే ఏం చేద్దామంటావు?"

"దీన్ని ఇచ్చేసి చిన్న బండి తెచ్చుకుందాం."

ఇంటాయనకు మనసొప్పలేదు. పెద్ద బండి ఓనరని ఊళ్లో పిలుపు. "దండిగా కాసిన దినం నెత్తిన మోసుకుపోతావా?" అన్నాడు. మాట కోపంగానే అన్నాడు. కానీ అడగవలసిన మాటే.

ఆ మాట తేలాలంటే బరువు సంగతి తెలియాలి. ప్రతి బండికీ ఒక మొత్తం బరువు ఉంటుంది. ఉత్త బండి బరువు, సరుకు బరువు, కూర్చున్న మనుషుల బరువు, అన్నీ కలిపితే అది దాటకూడదు. ఈ అంకె ఆర్.సి. మీద ఉంటుంది. ఆర్.సి. అంటే బండి ఎవరిదో చెప్పే సర్కారు కాగితం. టాటా ఏస్ బండినే తీసుకోండి. దాన్నే చాలామంది చోటా హాథీ అంటారు. 2005లో అది మార్కెట్లోకి వచ్చినప్పుడు మొత్తం బరువు 1550 కిలోలు, మోసే సరుకు 750 కిలోలు. టమోటా క్రేటు 25 కిలోలు అనుకుంటే 30 క్రేట్లు. అంతే. పెద్ద పికప్పు 1500 కిలోలు మోస్తే 60 క్రేట్లు.

చిన్న బండిలో 40 క్రేట్లు వేస్తే ఏమవుతుంది? బండి కదులుతుంది. కానీ బ్రేకు సరిగా పట్టదు, టైరు పగులుతుంది. మదనపల్లె చుట్టూ ఎత్తుపల్లాల రోడ్లు. దిగుడులో బ్రేకు పట్టకపోతే ఎవరు ఆపుతారు? పట్టుబడితే జరిమానా కూడా పెద్దదే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక లోడుకు 20,000 రూపాయలు. ఎక్కువైన ప్రతి టన్నుకూ ఇంకో 2,000.

ఇంకో సంగతి. కోతకు పోయే ఆడవాళ్లు క్రేట్ల మీద కూర్చుని పోతుంటారు. సరుకు బండి తొట్టి మనుషుల కోసం కాదు. ప్రమాదం జరిగితే బీమా డబ్బు దగ్గర పెద్ద చిక్కు వస్తుంది. పెద్ద బండైనా, చిన్న బండైనా ఇది ఒకటే.

ఇక డీజిలు లెక్క. పోను రాను 40 కిలోమీటర్లు. వీళ్ల పెద్ద బండి లీటరుకు 10 కిలోమీటర్లు పోతుంది. అంటే రోజుకు 4 లీటర్లు. చిన్న బండి లీటరుకు 16 పోతుందని బంధువులు చెప్పారు. అంటే రెండున్నర లీటర్లు. డీజిలు లీటరు 100 రూపాయలు అనుకుంటే రోజుకు 150 మిగులు. 60 ట్రిప్పులకు 9,000. ఏడు దినాలు మాత్రం రెండు ట్రిప్పులు వెయ్యాలి. ఒక్కో అదనపు ట్రిప్పుకు 250. ఏడుకు 1,750. అది తీసేసినా 7,250 రూపాయలు మిగులుతుంది. ఇంటాయన అడిగిన మాటకు జవాబు ఇదే.

మొత్తం బరువు 3000 కిలోలు మించని సరుకు బండికి పర్మిట్ అక్కరలేదు. వీళ్ల పెద్ద బండి ఆ అంకె దాటింది. చిన్నదానికి ఆ ఖర్చు తప్పుతుంది. అయితే బీమాలో పెద్దగా మిగలదు. థర్డ్ పార్టీ బీమాకు 7500 కిలోల లోపు సరుకు బళ్లన్నీ ఒకే తరగతి. ఎఫ్.సి. కూడా అంతే. బండి వయసు ఎనిమిదేళ్లు దాటితే చిన్నదైనా ఏటా చూపించాలి.

చిన్న బండిలో కష్టం లేదా? ఉంది. పెద్ద బండి చేనులోకి పోయి నిలబడుతుంది. చిన్న బండి చక్రాలు చిన్నవి. వాన పడితే బురదలో దిగబడుతుంది. అప్పుడు బండి రోడ్డు మీదే ఆగుతుంది. క్రేట్లు చేను నుంచి రోడ్డు దాకా ఎవరు మోయాలి? ఆడవాళ్లే. డీజిలు లెక్కలో ఈ మోత కనిపించదు. ఇల్లాలు దీన్ని మరిచిపోలేదు. వాన పడిన మరునాడు చిన్నమ్మ కొడుకు చిన్న బండిని చేను దగ్గరికి పిలిపించింది. బండి గట్టు దగ్గర ఆగిపోయింది. అక్కడి నుంచి చేనుకు 80 అడుగులు వేసింది. "వానకాలంలో మోతకూలి ఒకటి పెట్టుకోవాల" అని పుస్తకంలో రాసుకుంది.

తరువాత ఇద్దరూ బండ్ల షాపుకు పోయారు. పాత బండి ఇచ్చి కొత్త బండి తీసుకోవడాన్ని ఎక్స్ఛేంజి అంటారు. షాపువాళ్లు పెద్ద బండికి 4 లక్షలు కట్టారు. పాత అప్పు 2,60,000 ఉంది. అది పోను 1,40,000 మిగిలింది. కొత్త చిన్న బండి ఖర్చులన్నీ కలిపి 5,90,000. అంటే 4,50,000 కొత్త అప్పు.

"అక్కా, ఇప్పుడు నెలకు 14,000 కడుతున్నారు. ఇకమీదట 9,800 చాలు" అన్నాడు షాపు కుర్రాడు. ఇంటాయన ముఖం వెలిగింది.

"ఎన్ని నెలలు కట్టాల తమ్ముడూ?" అని ఇల్లాలు అడిగింది.

"60 నెలలు."

ఆమె అక్కడే కూర్చుని లెక్క వేసింది. పాత అప్పుకు 14,000 చొప్పున ఇంకా 21 నెలలు. మొత్తం 2,94,000. కొత్తదానికి 9,800 చొప్పున 60 నెలలు. మొత్తం 5,88,000. కంతు తగ్గింది. అప్పు రెండింతలైంది. కంతు ఎంత అని అందరూ అడుగుతారు. ఎన్నాళ్లు అని అడిగేవాళ్లు తక్కువ.

వాళ్లు ఇంటికి వచ్చేశారు. పెద్ద బండిని బయట అమ్మ జూపారు. 4,50,000 పలికింది. అప్పు ముందుగా తీర్చేందుకు రుసుముతో కలిపి 2,70,000 అయింది. చేతిలో 1,80,000 మిగిలింది. మూడేళ్లు తిరిగిన చిన్న బండి 3 లక్షలకు దొరికింది. తక్కువైన 1,20,000 సంఘంలో అప్పు తీసుకున్నారు. రెండేళ్లలో తీరేలా నెలకు 6,000 లోపు కంతు. బండి కొనేముందు ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్.సి.తో సరిచూశారు. బడిలో చదివే కూతురు ఫోనులో ఎమ్ పరివాహన్ యాప్ తెరిచి బండి నంబరు కొట్టి చూసింది.

పెద్ద బండి అమ్మిన రోజు దళారి కాగితాలు తెచ్చాడు. ఫారం 29, ఫారం 30. బండి పేరు మార్చే కాగితాలు ఇవే.

"ఇక్కడ సంతకాలు పెట్టక్కా. మిగతాది మేం రాసుకుంటాం."

ఆమె కాగితం చేతికి తీసుకుంది. మెల్లగా చదివింది. కొన్నవారి పేరు ఉండవలసిన చోట ఏమీ లేదు. తేదీ లేదు.

"అన్నా, ఎవరు కొన్నారో రాయి. తేదీ వెయ్యి. అప్పుడు పెడతా."

"నమ్మకం లేదా అక్కా?"

"నమ్మకం ఉండాది. కాగితంలో పేరే లేదు."

ఆమె పట్టు పట్టడానికి కారణం ఉంది. బండి చేతులు మారినా, ఆర్.సి.లో పేరు మారేదాకా చట్టం దృష్టిలో ఓనరు పాతవారే. 2018లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ఆ బండి ఎక్కడో మనిషిని గుద్దితే, బీమా లేకపోతే, పరిహారం కట్టమని నోటీసు ఆమె ఇంటికే వస్తుంది. బండి ఎవరు తోలినా సరే. అమ్మినవారు 14 రోజుల్లో ఆర్.టి.ఓ. ఆఫీసుకు తెలపాలి. కొన్నవారు 30 రోజుల్లో తెలపాలి. అప్పు తీరినప్పుడు ఫైనాన్సు కంపెనీ నుంచి ఎన్.ఓ.సి., ఫారం 35 కూడా తీసుకోవాలి. లేకపోతే ఆర్.సి. మీద అప్పు అలాగే నిలిచిపోతుంది.

దళారి గొణిగాడు. కానీ కొన్నాయన్ని పిలిపించాడు. ఆయన పేరు, ఊరు రాశారు. ఇల్లాలు సంతకం చేసింది. కాగితాలన్నీ జిరాక్సు తీయించి బియ్యం డబ్బా వెనక రేకు పెట్టెలో పెట్టింది. మూడు వారాలకు ఆర్.సి.లో పేరు మారింది. కూతురు ఫోనులో చూపించింది. ఇల్లాలు రెండుసార్లు చదివింది.

మరునాడు చిన్న బండిలో 28 క్రేట్లు ఎక్కాయి. "బొమ్మ బండి మాదిరి ఉంది" అని ఇంటాయన గొణుగుతూనే తోలాడు. సాయంత్రం డీజిలు చీటీ తెచ్చి, ఆమె అడగకముందే పుస్తకం పక్కన పెట్టాడు.

లెక్క చేయండి

1. ఒక బండి 1000 కిలోలు మోస్తుంది. క్రేటు 25 కిలోలు. ఎన్ని క్రేట్లు వేయవచ్చు?

2. నెలకు 7,000 చొప్పున 36 నెలలు ఒక అప్పు. నెలకు 5,000 చొప్పున 60 నెలలు ఇంకో అప్పు. దేనికి ఎక్కువ డబ్బు కడతాం?

3. మీ ఇంట్లో బండి గానీ, స్కూటరు గానీ ఉందా? దాని ఆర్.సి. తీసి చదవండి. ఎవరి పేరు ఉంది?