రక్తం త్వరగా గడ్డకట్టని గర్భిణికి సిజేరియన్: ఏ మత్తు?

ఏరియా ఆసుపత్రుల్లో కొత్తగా చేరిన మత్తు డాక్టర్ల కోసం ఈ మాటలు.

సిజేరియన్ అనగానే స్పైనల్ ఇస్తాం. చాలామందికి అదే మేలు. కానీ రక్తం సరిగా గడ్డకట్టని మనిషికి సూది గుచ్చిన చోట రక్తం చేరి వెన్నుపామును నొక్కితే కాళ్లు పడిపోవచ్చు. అలాగని జనరల్ ఇస్తే నిశ్చింత అనుకోవద్దు. నిండు గర్భిణికి గొంతులో ట్యూబు వేయడం కష్టం, కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయే భయం, మత్తు గ్యాసుకు గర్భసంచి సడలి రక్తస్రావం పెరగడం ఉన్నాయి. అందుకే ఈ నిర్ణయం అర్ధరాత్రి టేబుల్ దగ్గర కాదు, ఎనిమిదో నెలలోనే జరగాలి.

ముందు అడగండి: పన్ను పీకించుకున్నప్పుడు రక్తం ఆగిందా? నెలసరి ఎక్కువగా అయ్యేదా? మొదటి కాన్పులో రక్తం ఎక్కించారా? మేనమామలకు, అన్నదమ్ములకు హీమోఫీలియా ఉందా? తల్లిదండ్రులది మేనరికమా? టైప్ 3 వాన్ విల్లీబ్రాండ్ లాంటి తీవ్రమైన జబ్బులు అలాంటి ఇళ్లలో ఎక్కువ.

తర్వాత రిపోర్టులు. ప్లేట్‌లెట్లు 70,000 పైన నిలకడగా ఉండి, వేరే లోపం లేకపోతే సాధారణంగా స్పైనల్ ఇవ్వొచ్చు. 50,000 నుంచి 70,000 మధ్య లాభనష్టాలు తూచుకోవాలి. అంతకన్నా తక్కువైతే మానుకోవడమే మంచిది. ఐటీపీతో వారాల తరబడి 75,000 దగ్గరే ఉన్నావిడ వేరు. హెల్ప్ సిండ్రోమ్‌లోనో డెంగీలోనో పొద్దున లక్ష ఉండి సాయంత్రానికి 75,000కు పడిపోయినావిడ వేరు. రెండో ఆవిడకు పాత రిపోర్టు పనికిరాదు, మళ్లీ రక్తం తీయించండి.

టైప్ 1 వాన్ విల్లీబ్రాండ్‌లో ఫ్యాక్టర్లు గర్భంలో వాటంతటవే పెరుగుతాయి. చివరి నెలల్లో పరీక్షిస్తే 50 యూనిట్లు దాటినవారికి చాలావరకు స్పైనల్ ఇవ్వొచ్చు. హీమోఫీలియా బి క్యారియర్లకు ఫ్యాక్టర్ 9 అలా పెరగదు. ఎనాక్సపారిన్ వాడుతుంటే నివారణ డోసుకు 12 గంటలు, పూర్తి డోసుకు 24 గంటలు ఆగాలి.

ఆపరేషన్ అయ్యాక స్పైనల్ ఇచ్చిన టైము కేస్‌షీట్‌లో రాయండి. ఆ టైము నుంచి నాలుగు గంటలకు కాలు నిటారుగా ఎత్తమనండి. ఎత్తలేకపోతే, వచ్చిన బలం మళ్లీ తగ్గితే, నడుము నొప్పి ఎక్కువైతే, మత్తు ఇంకా దిగలేదని సరిపెట్టుకోవద్దు. వెంటనే ఎంఆర్‌ఐ చేయించాలి, న్యూరోసర్జన్‌కు ఫోన్ చేయాలి. మీ దగ్గర ఆ వసతి గానీ, ఫ్యాక్టర్లు, ప్లేట్‌లెట్లు గానీ లేకపోతే నొప్పులు రాకముందే పెద్దాసుపత్రికి పంపండి. ఆ తల్లికి మీరు చేసే అసలు మేలు అదే.